అప్‌డేట్: డల్లాస్ రేంజిలో సప్రెసర్ సంగతి

మా బావ సప్రెసర్ (తుపాకీ గొట్టం చివర బిగించే, శబ్దం తగ్గించే పరికరం) బిగించిన రైఫిల్‌తో డల్లాస్‌లో షూటింగ్ రేంజికి తీసుకెళ్తానంటున్నాడు, అక్కడి పద్ధతులేంటని ప్రయాణానికి ముందు అడిగాను కదా. తిరుపతికి తిరిగొచ్చేశాం.

"ముందు నీ వీసా సంగతి చూసుకో అన్నా" అన్నవాళ్ళకి దండం. విజిటర్ వీసా మీద వెళ్ళినవాళ్ళు తుపాకీ పట్టకూడదని అమెరికా ఫెడరల్ చట్టం. హంటింగ్ లైసెన్సు లాంటి మినహాయింపులు కొన్నున్నాయి. ఆ చట్టం లెక్కలో సప్రెసర్ కూడా తుపాకీయే. నాకు లైసెన్సు లేదు, వెనక నిలబడి చూశా. బావకైతే గ్రీన్ కార్డుంది.

సప్రెసర్ ఉన్నా తుపాకీ సినిమాల్లోలా 'ఫుస్' అనదు. ధ్వనివేగం దాటిన తూటా చేసే 'టప్' శబ్దాన్ని సప్రెసర్ ఆపలేదు. పైగా పక్క బెంచీల్లో అన్నీ మామూలు తుపాకులు! చెవులకు పెట్టుకునే మఫ్స్ తీశామో, చెవులు గోవిందా.

బావ కాల్చబోయే ముందు, తుపాకీ ఖాళీగా ఉండగానే సప్రెసర్ మర బిగువుగా ఉందో లేదో తిప్పి చూసేవాడు. వదులైతే తూటా లోపలి పలకలకు తగులుతుంది. కాల్చాక సప్రెసర్ పెనంలా కాలుతుంది, ముట్టుకోలేం. సీజ్‌ఫైర్ (అందరూ కాల్పులు ఆపాలి) అన్నాక చల్లారిందేమో చూద్దామన్నా దగ్గరికి పోకూడదు. బోల్టు (తూటా గదిని మూసే భాగం) తెరిచిపెట్టి వెనక్కి రావాల్సిందే.

ఇండియాకి సప్రెసర్ ఒకటి తెచ్చుకోవచ్చా అని అడిగినాయనకు: వద్దు సామీ. మన ఆయుధాల నిబంధనల్లో శబ్దం తగ్గించే పరికరాలు నిషిద్ధ ఆయుధాలున్న మొదటి కేటగిరీలోనే ఉన్నాయి.