ఈదురుగాలిలో కయాక్‌ను నిలకడగా ఉంచి గాలం వేయడం ఎలా?

టెక్సాస్ తీరంలో కార్పస్ క్రిస్టీ దగ్గర, పాడ్రే దీవికీ ప్రధాన భూభాగానికీ నడుమనున్న లగూనా మాద్రే అనే ఉప్పునీటి సరస్సులో కయాక్ (తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవ) మీద వెళ్లి రెడ్ ఫిష్, స్పెకిల్డ్ ట్రౌట్ చేపల కోసం గాలం వేస్తుంటాను. అక్కడ చాలాచోట్ల లోతు మూడు నాలుగు అడుగులే, అడుగునంతా సముద్రపు గడ్డి. మధ్యాహ్నానికల్లా ఆగ్నేయపు గాలి గంటకు 20 మైళ్ల వేగాన్ని అందుకుంటే, గాలం విసిరి తాడు చుట్టుకునేలోపే కయాక్ ఆ చోటు దాటి కొట్టుకుపోతోంది. మొన్న శనివారం రోజంతా తెడ్డు వేయడంతోనే సరిపోయింది. పడిన ఒక్క ట్రౌట్‌నూ నిర్ణీత కొలతకు తక్కువగా ఉండడంతో వదిలేశాను.

లంగరు గడ్డిలో చిక్కుకుంటోంది, పైగా దానిని కయాక్ పక్కభాగానికి కడితే అలల తాకిడికి బోల్తా పడే ప్రమాదం ఉంటుంది కనుక ఆ పని చేయను. ఇటువంటప్పుడు నీటిలో సంచిలా తెరుచుకుని వేగాన్ని తగ్గించే డ్రిఫ్ట్ సాక్ కొనడం మంచిదా, లేక అడుగున గుచ్చి నిలిపే పొడవాటి కర్ర మేలా? 12 అడుగుల కయాక్‌కు ఎంత వెడల్పున్న సాక్ సరిపోతుందో, దానిని ముందు కొనకు కట్టాలో వెనక కొనకు కట్టాలో అనుభవజ్ఞులు దయచేసి తెలియజేయగలరు. గాలి లేని రోజు చూసుకుని వెళ్లమనే సలహా మాత్రం వద్దు. వసంతకాలంలో ఇక్కడ అటువంటి రోజు దొరకడమే కష్టం.