పెరట్లో కేబిన్ ఉన్న చిన్న తెరచాప పడవ: ప్లైవుడ్, ఎపాక్సీ గురించి సలహా కావాలి

పెరటిపడవ:
అందరికీ నమస్కారమండి. మాది కాకినాడ. పాకెట్‌షిప్ అనే పడవ ప్లాన్లు కొన్నాను, 14 అడుగుల 10 అంగుళాల పొడవు, 6 అడుగుల 3 అంగుళాల వెడల్పు, కేబిన్‌లో ఇద్దరు పడుకోవచ్చు. అడుగున ఉండే పలక పైకి లాగేస్తే అడుగున్నర నీళ్లు చాలు, హోప్ ఐలాండ్ వైపు లోతు తక్కువ కాబట్టి దీన్నే ఎంచుకున్నా. ప్లాన్‌లో ఒకుమే అనే తేలిక చెక్కతో చేసిన మెరైన్ ప్లై వాడమన్నారు, ఇక్కడ షాపుల్లో ఐఎస్ 710 (మెరైన్ ప్లైకి మన దేశ ప్రమాణం) ముద్రతో గర్జన్ అనే చెక్క ప్లై దొరుకుతోంది. అది పనికొస్తుందా? మన తేమలో ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) ఎలా ఉంటుందో అని కూడా టెన్షన్‌గా ఉంది.

తాళ్ళరేవు తమ్ముడు:
అన్నా, పనికొస్తుంది, కానీ ముద్ర చూసి కొనేయకు. 710 ప్లై 72 గంటలు మరిగించినా పొరలు ఊడకూడదు, జానెడు ముక్క తెచ్చి నువ్వే మరిగించి చూడు. కోసిన అంచు కూడా వెలుతురులో పెట్టి చూడు. మేం తెచ్చిన ఒక షీటులో పొరల మధ్య గోరు దూరేంత సందు ఉంది, తిరిగి ఇచ్చేశాం. అందులోకి నీరు చేరితే పైన ఎంత పూసినా లోపల కుళ్లిపోతుంది. ఇంకోటి బరువు. గర్జన్ ఒకుమే కన్నా బాగా బరువు, అన్ని షీట్లకీ కలిపి చూస్తే పడవ ప్లాన్‌లో గీసిన దానికన్నా కిందికి మునుగుతుంది. షీటు తూకం వేసి లెక్క కట్టుకున్నాకే డబ్బులు ఇవ్వు.

సియాటిల్ నుంచి:
నేను ఇక్కడ గ్యారేజీలో 12 అడుగుల పడవ కట్టానండి, ఇలాగే ప్లై పలకల్ని రాగి తీగతో కుట్టి ఎపాక్సీతో అతికించి. 1963లో బ్రిటన్‌లో వచ్చిన మిర్రర్ డింగీ అనే చిన్న తెరచాప పడవని వేలమంది ఇళ్లల్లో కట్టుకున్నది ఇలా తీగతో కుట్టే పద్ధతిలోనే, కాబట్టి ధైర్యంగా మొదలుపెట్టండి. తేమ రోజుల్లో ఎపాక్సీ గట్టిపడ్డాక పైన మైనంలా జిడ్డు పొర వస్తుంది. నేను దాన్ని కడగకుండానే సాండ్‌పేపర్ పట్టాను, జిడ్డు గీతల్లోకి దిగిపోయి ఆర్నెల్లకే రంగు అరచేతి వెడల్పున లేచింది, మొత్తం గీకి మళ్లీ వేయాల్సొచ్చింది. ముందు మంచినీళ్లు, గిన్నెలు తోమే స్క్రబ్బరుతో కడిగి, ఆరాక రుద్దండి. ఎండాకాలంలో అయితే స్లో హార్డెనర్ (నెమ్మదిగా గట్టిపరిచే రెండో ద్రవం) తీసుకుని కొంచెం కొంచెమే కలపండి, కప్పు నిండా కలిపి వదిలేస్తే అదే వేడెక్కి పొగలొస్తుంది, కలిపిన వెంటనే వెడల్పాటి ట్రేలో పోసేయండి. పలకలు కలిసే మూలల్లో నింపే ముద్దకి ఎపాక్సీలో రంపపు పొట్టు మెత్తగా జల్లించి కలపాలి, నూరిన గోరింటాకులా గరిటెని పట్టుకుని జారకుండా ఉంటే సరిగ్గా వచ్చినట్టు.

తాళ్ళరేవు తమ్ముడు:
అడగడం మర్చిపోయా అన్నా, మీ గేటు వెడల్పెంత?

పెరటిపడవ:
ఇప్పుడే టేపు పెట్టాను తమ్ముడూ, సరిగ్గా 6 అడుగులు. పక్క గోడ కొంత తీయించాలి, అమ్మతో మాట్లాడాను, సరే అంది. ప్లై ముక్క రేపు పొయ్యి మీద పెడతా, మూడు రోజుల తర్వాత ఫోటో పెడతాను.