2147483647: ఈ నంబర్ కథేంది?

కావలి_కుర్రోడు: మా కోచింగ్ సెంటర్ లిస్టులో పిల్లలందరికీ ఒకటే ఫోన్ నంబర్ పడింది, 2147483647. అది ప్రధాన సంఖ్య అంటాడు మా తమ్ముడు. నిజమేనా? కాలిక్యులేటర్ లేకుండా తేల్చొచ్చా? పోయిన నంబర్లు తిరిగొస్తాయా?

గూడూరు_నిమ్మతోట: రావు. పాత అప్లికేషన్లు వెతుక్కో తమ్ముడూ. ఫోన్ కాలమ్‌ను 32 బిట్ల (0 గానీ 1 గానీ పట్టే గడులు) ఇంటిజర్‌గా, అంటే పూర్ణసంఖ్యగా పెట్టుంటారు. ప్లస్సా మైనస్సా అనే గుర్తుకు ఒక బిట్ పోతే మిగిలినవాటిలో పట్టే పెద్ద సంఖ్య ఇదే. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తో మొదలవుతాయి, ఒక్కటీ పట్టదు. కొన్ని డేటాబేస్‌లు ఎర్రర్ చూపకుండా ఇక్కడికే కోసేస్తాయి.

చీమకుర్తి_గుమాస్తా: నీకు నంబర్లే పోయాయి, నాకు పరువు పోయింది. గ్రానైట్ యార్డులో అకౌంట్లు రాస్తా. మా పాత సాఫ్ట్‌వేర్ డబ్బంతా పైసల్లో దాచేది. 2,14,74,836 రూపాయల 47 పైసలు దాటగానే టోటల్ మైనస్‌లోకి పోయింది. ఓనరు నన్ను దొంగను చూసినట్టు చూశాడు. అది రాసినాయన ఫోన్ ఎత్తడు.

ఒంగోలు_లెక్కల_మాస్టారు: అడిగిందేమిటి, మీరు చెప్పేదేమిటి? ఇది 2 ఘాతం 31 కంటే ఒకటి తక్కువ. ప్రధాన సంఖ్యేనని గణితవేత్త ఆయిలర్ 1772లో తేల్చాడు. జీవితమంతా టెన్త్ పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి, రాసుకోండి: ఘాతాంకం ప్రధాన సంఖ్య అయితే ఫలితమూ ప్రధాన సంఖ్యే.

పెన్నా_గట్టు: ఆగండి మాస్టారూ. 11 తీసుకోండి. 2047 వస్తుంది. అది 23×89.

ఒంగోలు_లెక్కల_మాస్టారు: ఒక్క మినహాయింపు పట్టుకుని ఎగరకు. 3, 5, 7, 13, 17, 19 అన్నీ సరిపోతాయి.

పెన్నా_గట్టు: 19 దగ్గర ఆపేశారేం? 23 పెడితే వచ్చే 8388607 నలభై ఏడుతో పోతుంది. 29 పెడితే 233తో పోతుంది. పిల్లలకు ఇదే చెప్పారా?

ఒంగోలు_లెక్కల_మాస్టారు: మా రోజుల్లో పెద్దవాళ్లతో ఇలా మాట్లాడేవాళ్లం కాదు.

పెన్నా_గట్టు: మర్యాదకీ భాగహారానికీ ఏం సంబంధం సార్?

శుభాంకం: అంకెలు కూడితే 46, అదీ కూడితే 10, చివరికి 1. సూర్యుడి అంకె! ఫ్యాన్సీ నంబర్‌గా దొరుకుతుందా?

గూడూరు_నిమ్మతోట: 2తో మొదలయ్యే సెల్ నంబర్ ఎవరిస్తారు సామీ?

మార్కాపురం_పలక: కావలి తమ్ముడూ, వర్గమూలం 46,340 చిల్లర. అంతదాకా అన్నిటితో భాగించక్కర్లేదు. దీనికి కారణాంకమంటూ ఉంటే దాన్ని 62తో భాగిస్తే 1 మిగలాలి, 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగలాలి. ఈ జల్లెడలో నిలిచే మొదటి ప్రధాన సంఖ్య 311, తర్వాత ఏకంగా 1303. ఇంకో ముచ్చట: దీన్ని 2 ఘాతం 30తో గుణిస్తే పరిపూర్ణ సంఖ్య (తనను వదిలేసి మిగతా కారణాంకాలన్నీ కూడితే తానే వచ్చేది) వస్తుంది, 2305843008139952128. ఇంతకంటే పెద్ద పరిపూర్ణ సంఖ్యను ఎవరూ కనిపెట్టరని, ఇవి ఉత్త వింతలే తప్ప ఎందుకూ పనికిరావని గణితవేత్త పీటర్ బార్లో 1811లో రాశాడు.

చీమకుర్తి_గుమాస్తా: పనికిరాకపోతే నా జీతం ఎందుకు ఆగింది?

గూడూరు_నిమ్మతోట: 2038 జనవరి 19న ఉదయం 8:44:07 దాటాక చూడండి. 1970 మొదలు నుంచి సెకన్లను ఇలాగే 32 బిట్లలో లెక్కబెట్టే పాత సిస్టమ్‌లు 1901లోకి పోతాయి.

శుభాంకం: ఆ రోజు ముహూర్తం బాగుందా?

ఒంగోలు_లెక్కల_మాస్టారు: 311తో భాగించాను. 35 శేషం. ఇప్పుడు 1303 మీద ఉన్నా, మధ్యలో ఎవరూ జవాబు పెట్టొద్దు.