'హాయ్ గైస్'ల ఆడపిల్లలు కూడా వస్తరా?

అందరికీ నమస్తే. మహబూబ్‌నగర్‌ల డిగ్రీ పిల్లలకు స్పోకెన్ ఇంగ్లిష్ చెప్తుంటా. యూట్యూబ్‌ల విని, క్లాసుల కూడా 'హాయ్ గైస్' అనే మొదలుపెడ్తున్నరు. మొన్న ఒక అమ్మాయి అడిగింది: "సార్, గై అంటే మగాయన కదా, మరి మేము?"

పుట్టుక వరకైతే చెప్పిన. 1605 నవంబర్ 5న లండన్‌ల పార్లమెంటును పేల్చబోయి దొరికిన గై ఫాక్స్ పేరు అది. తర్వాతి కాలంల ఏటా అదే రోజు ఆయన బొమ్మను తగలబెట్టేటోళ్లు, మనం దసరాకు రావణుణ్ని కాల్చినట్టు. ఆ బొమ్మనే 'గై' అన్నరు. 19వ శతాబ్దంల అది బ్రిటన్‌ల వింత వేషమున్న మనిషి అయింది, అమెరికాల మామూలు మగమనిషి అయింది. పిల్లలు మస్తు ఇష్టంగ విన్నరు.

చిక్కంతా ఇప్పటి వాడుకతోనే. డిక్షనరీల ఏకవచనం మగవాళ్లకే, బహువచనం ఇద్దరికీ చెల్లుతదని ఉంది. డల్లాస్‌ల ఉన్న మా చెల్లె "ఇక్కడ అందరం అంటం" అన్నది. హైదరాబాద్‌ల ఉద్యోగం చేస్తున్న పాత స్టూడెంట్ మాత్రం "మా ఆఫీసుల వద్దంటరు సార్, 'టీమ్' అని రాయమంటరు" అన్నడు. రేపు ఇంటర్వ్యూలకు పోయే పిల్లలకు గాలిమాట చెప్పలేను.

ఆడ, మగ కలిసి పనిచేసే ఆఫీసుల ఉన్నోళ్లు చెప్పండి: మీ దగ్గర అందరికీ పంపే మెయిల్‌ల 'హాయ్ గైస్' అని రాస్తే తప్పు పడతరా?