జ్వరం తగ్గాక కాళ్లు పట్టు తప్పుతున్నాయి, నీరసమేనా?

రాజోలు కుర్రోడు:
మా బాబాయికి యాభై దాటాయండి, రొయ్యల చెరువుల మీద పని. ఊళ్లో అందరికీ వచ్చినట్టే ఆయనకీ వైరల్ జ్వరం వచ్చి తగ్గింది. వారం దాటాక అరికాళ్లు తిమ్మిర్లన్నాడు, నిన్నట్నుంచి చెప్పు జారిపోయినా తెలియట్లేదు, కింద కూర్చుంటే ఇద్దరు పట్టి లేపాల్సొస్తోంది. ఆర్‌ఎంపీ గారు నీరసమేనని సెలైన్ ఎక్కించి బి12 ఇంజెక్షన్ చేశారు. షుగర్ ఉంది కదా, దానివల్లే అంటోంది పిన్ని. రెండ్రోజులు ఆగి చూడమంటారా?

గోదారిగట్టు:
ఆగొద్దు. షుగర్ తిమ్మిర్లు ఏళ్ల తరబడి మెల్లగా వచ్చేవి, ఇలా రోజుల్లో కాళ్లు పడిపోవు. జ్వరమో విరేచనాలో తగ్గిన కొద్ది వారాల్లో రెండు కాళ్లలో మొదలై పైకి పాకే బలహీనతంటే ముందు అనుమానించాల్సింది జీబీఎస్, అంటే గిలన్ బారే సిండ్రోమ్. క్రిమిని చంపడానికి తయారైన యాంటీబాడీలు మన నరాల మీదే పడతాయి. డాక్టరు మోకాలి కింద సుత్తితో తడితే కాలు కదలదు, చాలామందిలో అక్కడే దొరికిపోతుంది. అసలు భయం ఊపిరి కండరాలతో. ఒక్క గుక్కలో 20 దాకా లెక్కపెట్టమనండి. మధ్యలో ఆగినా, మింగడం కష్టమైనా, మాట ముద్దగా వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఇవేవీ లేకపోయినా ఇవాళే వెళ్లాలి, అదీ వెంటిలేటర్ ఉన్నచోటికే.

పాలకొల్లు పద్మ:
ప్రతి తిమ్మిరికీ జీబీఎస్ అంటే జనం టెన్షన్‌తోనే పోతారు. అది ఏడాదికి లక్షమందిలో ఒకరిద్దరికి వచ్చేది.

గోదారిగట్టు:
అరుదేనండి, కాదనను. ఒట్టి తిమ్మిరైతే నేనూ ఇంత చెప్పను, ఆయన లేవలేకపోతున్నారు.

లంక పిల్ల:
మా అన్నయ్యకి చికున్‌గున్యా తర్వాత ఇదే వచ్చింది. ఐవీఐజీ అని, దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు, ఐదు రోజులు నరంలోకి ఎక్కించారు, బరువును బట్టి మోతాదు, కిలోకి రోజుకి 0.4 గ్రాములు, ఖరీదు మామూలుగా ఉండదు. కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్తే ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు పట్టుకెళ్లి వర్తిస్తుందేమో ముందే అడగండి. మందు మొదలెట్టాక కూడా కొన్నాళ్లు బలహీనత పెరిగింది, కంగారుపడి ఆసుపత్రి మార్చేయబోయాం. నడక రావడానికి నెలలు పట్టింది, ఫిజియోథెరపీ మాత్రం మానొద్దు.

రాజోలు కుర్రోడు:
15 దగ్గరే ఆగిపోయాడండి. 108కి చేశాం, వస్తోంది. ఈలోపు స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేస్తానంటున్నారు ఆర్‌ఎంపీ గారు, చేయించమంటారా?

గోదారిగట్టు:
వద్దు. జీబీఎస్‌కి స్టెరాయిడ్ పనిచేయదు, పైగా షుగర్ పెంచేస్తుంది. నోటికి ఏమీ పెట్టకండి, తల కాస్త ఎత్తుగా ఉంచి బయల్దేరండి.