ఒక్క చెట్టుకే చోటుంది: సీతాఫలమా, రామాఫలమా?

ప్రశ్న (ఉప్పల్ నుండి):
నమస్కారం. మా పెరట్లోని ఎర్ర మొరం నేలలో ఒక్క పండ్ల చెట్టుకే చోటుంది. మహబూబ్‌నగర్ వైపు బాలానగర్ సీతాఫలాలు తిని పెరిగినవాడిని కనుక మనసు అటే లాగుతున్నది. నర్సరీవారు మాత్రం రామాఫలం మొక్క చూపి, రెండూ ఒకటేనని, ఏది నాటినా తేడా ఉండదని అంటున్నారు. వేసవిలో మా బోరులో నీళ్లు బాగా తగ్గిపోతాయి. పెంచిన అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1:
ఒకటే కాదండీ. రెండూ అనోనా ప్రజాతివే, రెండింటి పుట్టిల్లూ అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతమే, కానీ జాతులు వేరు. సీతాఫలం వేసవిలో ఆకు రాల్చి, రాతినేలలోనూ ఎండకు ఓర్చుకొని, తొలకరికి మళ్లీ చిగురిస్తుంది. ఆగస్టు నుండి నవంబరు దాకా కాయ కోతకు వస్తుంది. రామాఫలం అంతకంటే పెద్ద చెట్టు, ఆకు పొడుగు, నీటి అవసరం కూడా ఎక్కువే. దాని పండు సంక్రాంతి దాటాక, ఎండలు ముదిరే లోపు వస్తుంది. తొక్క నున్నగా, ఎర్రగా ఉంటుంది కనుక, సీతాఫలంలాగా కళ్లు విచ్చుకోవడం చూసి కోతకు వచ్చిందని పోల్చుకోవడం కుదరదు. మీ బోరు సంగతి చూస్తే నేను సీతాఫలమే నాటుతాను.

జవాబు 2:
పై మాటతో ఏకీభవిస్తున్నాను. అయితే పూత విషయం కూడా తెలిసి ఉండాలి. ఈ పువ్వులో ఆడ భాగం ముందు సిద్ధమై, అది వాడిపోయే వేళకు పుప్పొడి రాలుతుంది. పైగా పరాగాన్ని మోసేవి తేనెటీగలు కావు, చిన్న చిన్న పెంకు పురుగులు. పొడి ఎండల్లో పూత విరగబూసినా పిందె నిలవకపోవడానికి ఇదే ముఖ్య కారణం. బాగా విచ్చిన పువ్వు నుండి పుప్పొడిని మెత్తని కుంచెతో తీసి, అప్పుడే సగం విచ్చుతున్న పువ్వుకు ఉదయం పూట అద్దితే పిందెలు నిలుస్తాయి, కాయ ఆకారం కూడా చక్కగా వస్తుంది. మా చెట్టుకు రెండేళ్లుగా ఇలాగే చేస్తున్నాను.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. గింజ నాటవచ్చునా, లేక అంటు మొక్కే తేవాలా?

జవాబు 1:
గింజ మొలుస్తుంది కానీ తల్లి చెట్టు గుణం అచ్చంగా వస్తుందన్న నమ్మకం లేదు. బాలానగర్ రకం అంటు మొక్క తీసుకోండి. రామాఫలం మొక్క మీద కూడా సీతాఫలాన్ని అంటు కడతారు కనుక, వేరు దేనిదో అడిగి తెలుసుకోండి. గింజల పొడి కంట్లో పడితే తీవ్రమైన హాని జరుగుతుంది. పిల్లలున్న ఇంట్లో గింజలు నూరవద్దు.