ప్రోటీన్ చెయ్యని ఆర్‌ఎన్‌ఏకి పని ఉందని ఎలా చెప్పాలి?

జువాలజీ లెక్చరర్, తెనాలి
నమస్కారం. డిగ్రీ పిల్లలకి జన్యుశాస్త్రం చెబుతాను. నిన్న లాంగ్ నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏల పాఠం. 200 అక్షరాల (న్యూక్లియోటైడ్ల) కన్నా పొడుగుండి ప్రోటీన్‌గా మారనివి, మనిషిలో ఇలాంటి జన్యువులు 20,000కు పైనే లెక్కకొచ్చాయి అని చెబుతుంటే ఒకమ్మాయి లేచింది. "సార్, పనికొచ్చే జన్యువు జాతి మారినా పెద్దగా మారదన్నారు. వీటి అక్షరాలేమో జాతిజాతికీ మారిపోతాయంటున్నారు. అంటే పనికిరానివనేగా?" అంది. రేపు చెబుతానమ్మా అన్నాను. పిల్లల ముందు పెట్టదగ్గ ఉదాహరణ ఒక్కటి చెప్పండి.

ఈగల సీసా
సార్, ఆ అమ్మాయి సరిగ్గా గుండెకాయలాంటి ప్రశ్న పట్టుకుంది. నేను ఆరేళ్లు డ్రోసోఫిలా అనే పండ్ల ఈగ మీద పనిచేశాను, అందుకే ఈగ దగ్గర నుంచే చెబుతాను.

1970లో లఖోటియా, ముఖర్జీ అనే మన శాస్త్రవేత్తలు ఒక సంగతి చూశారు. లార్వా లాలాజల గ్రంథులకి బెంజమైడ్ అనే రసాయనం తగిలిస్తే క్రోమోజోమ్ మీద 93డి అనే ఒక్క చోటే ఉబ్బుతుంది. అలా ఉబ్బిందంటే అక్కడ ఆర్‌ఎన్‌ఏ జోరుగా తయారవుతోందని అర్థం. తీరా వెతికితే ఆ ఆర్‌ఎన్‌ఏ నుంచి చెప్పుకోదగ్గ ప్రోటీనే రాదు. దాని పేరు హెచ్‌ఎస్‌ఆర్ ఒమేగా. తర్వాత బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో లఖోటియా దశాబ్దాల పాటు దాన్నే పట్టుకుని కూర్చున్నారు. 'లాంగ్ నాన్‌కోడింగ్' అన్న మాట ఇంకా వాడుకలో లేని రోజులవి. ఈ పాఠంలో మన దేశం పేరు రాకపోతే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇప్పుడు మీ అమ్మాయి ప్రశ్న. ఈ జన్యువు చివర ఒక ముక్క మళ్లీ మళ్లీ వస్తుంది. మెలనోగాస్టర్ జాతి ఈగలో ఆ ముక్క 280 అక్షరాలు, హైడై అనే ఇంకో జాతిలో 115. పక్కపక్కన పెడితే పోలికే కనబడదు. కానీ రెండింట్లోనూ ఎటిఎజిజిటిఎజిజి అనే తొమ్మిదక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు. జన్యువు కట్టడమూ అదే: ముందు చిన్న భాగం, మధ్యలో ఒక ఇంట్రాన్ (తర్వాత కత్తిరించి పారేసే ముక్క), వెనక ఈ పొడుగాటి తోక. ప్రోటీన్ జన్యువులో ఒక్క అక్షరం జారినా అర్థం మారిపోవచ్చు. దీని పని వేరు. కేంద్రకంలో కొన్ని ప్రోటీన్లని తన చుట్టూ చుక్కలు చుక్కలుగా పోగేసి ఉంచుతుంది, వేడి తగిలినప్పుడు వాటిని 93డి దగ్గరికి చేరుస్తుంది. పట్టుకునే చోట్లు మిగిలితే చాలు, మధ్యలో అక్షరాలు మారినా పని ఆగదు. ఈ జన్యువు పోయిన ఈగల్లో ఎక్కువ భాగం పెద్దవవకుండానే చనిపోతాయి.

డేటా మనిషి, హైదరాబాద్
ఉదాహరణ బాగుందండీ. కానీ లెక్చరర్ గారూ, దీన్ని చూపించి 20,000కీ పని ఉందని మాత్రం చెప్పకండి. నేను రోజూ ఆర్‌ఎన్‌ఏ డేటాతోనే ఉంటాను. కణానికి ఒకటో అరో కూడా లేని ఆర్‌ఎన్‌ఏలు ఎన్నో తగులుతుంటాయి. డీఎన్‌ఏ చదివి ఆర్‌ఎన్‌ఏ రాసే పాలిమరేజ్ ఎంజైమ్ ఎక్కడ చోటు దొరికితే అక్కడ చదివేస్తుంది. చదివినంత మాత్రాన పని ఉన్నట్టు కాదు.

ఇంకో చిక్కు. మాలట్1 అనే ఆర్‌ఎన్‌ఏ కణంలో విపరీతంగా ఉంటుంది, క్షీరదాల్లో పెద్దగా మారలేదు కూడా. 2012లో మూడు బృందాలు ఎవరికి వారు ఎలుకల్లో దాన్ని తీసేశాయి. ఎలుకలు మామూలుగానే పెరిగాయి. కాబట్టి అక్షరాలు మారలేదన్న ఒక్క మాటతో పని తేల్చలేం, మారాయన్న మాటతోనూ తేల్చలేం. ఒక్కోదాన్నీ తీసి చూడాల్సిందే.

జువాలజీ లెక్చరర్, తెనాలి
ఇద్దరికీ ధన్యవాదాలు. మరి ఇవి ఎక్కడి నుంచి పుట్టుకొస్తాయి? అది కూడా అడుగుతుంది, నాకు తెలుసు.

ఈగల సీసా
దారులు చాలా ఉన్నాయి సార్. నాకు బాగా నచ్చింది ఎక్సిస్ట్ కథ. మనలాంటి, అంటే కంగారూల లాంటివి కాని మావి గల క్షీరదాల ఆడవాటిలో రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకదాన్ని మూసేసేది ఈ ఆర్‌ఎన్‌ఏనే. ఒకప్పుడది ప్రోటీన్ చేసే జన్యువు, పేరు ఎల్‌ఎన్‌ఎక్స్3. కోడిలో ఇప్పటికీ ప్రోటీన్ జన్యువుగానే ఉంది. మన వంశంలో అది చెడిపోయింది, ఆ శిథిలాల్లోంచి ఎక్సిస్ట్ తయారైందని 2006లో తేల్చారు. వచ్చి చేరిన ట్రాన్స్‌పోజాన్ ముక్కలు (చోటు మారే డీఎన్‌ఏ) కూడా అందులో కలిశాయని తర్వాత తేలింది. కంగారూల వంశంలో ఎక్సిస్ట్ లేదు. ఆ పనికి అక్కడ ఆర్‌ఎస్‌ఎక్స్ అనే వేరే ఆర్‌ఎన్‌ఏ ఉంది. ఒకే అవసరం, రెండు వేర్వేరు పుట్టుకలు.

వీలైతే ప్రాక్టికల్ కూడా పెట్టండి. సీసా గోడ ఎక్కుతున్న బలమైన లార్వాల్ని 37 డిగ్రీల నీళ్ల వేడిలో అరగంట ఉంచండి. గ్రంథి తీసి, ఎసిటో ఆర్సీన్ రంగు వేసి, కవర్‌స్లిప్ మీద బొటనవేలితో నిలువుగా నొక్కాలి, పక్కకి జరగకూడదు. మూడో క్రోమోజోమ్ కుడి భుజం మీద చారలు చారలుగా వెళ్తూ వెళ్తూ ఉన్నట్టుండి దూది ఏకినట్టు విచ్చుకున్న చోట్లు కనబడతాయి. 87ఎ, 87సి జంటగా ఉంటాయి, అవి ప్రోటీన్ చేసేవి. ఇంకా చివరివైపు వెళ్తే 93డి. ముందు ఆ అమ్మాయినే చూడమనండి.